పని స్వీకరించబడినది

"ఇంగమీద మన ఊర్లో నీళ్లు మనుషులు వదిలేది లేదు. సి వదుల్తాది" అని మంత్రి చెన్నరాయప్పగారు రాబర్ట్‌సన్‌పేట సభలో ప్రకటించారు. సి అంటే ఏమిటని వెనక వరుసలో ఎవరో అడిగారు.

"ఏ, బి పోయిన ప్రభుత్వం వాళ్లు చేసినారు. మిగిలింది మనం చేస్తా ఉండాము" అన్నారు మంత్రిగారు.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు నీటి సరఫరా ఇంజనీరు కేశవ. ఆ చప్పట్లలో భక్తి ఎంత ఉందో ప్రమోషన్ మీద ఆశ కూడా అంతే ఉంది.

పథకం గొప్పది. రాబర్ట్‌సన్‌పేట ఆఫీసులో బటన్ నొక్కితే కోలారులో ఉన్న సర్వర్లకు ఆజ్ఞ వెళుతుంది. అవి ఊళ్లోని వాల్వులను తిప్పిస్తాయి. ఆజ్ఞలు పంపడానికి సి అనే కంప్యూటర్ భాషలో రాసిన ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ కట్ట, ఉంది. లైబ్రరీ అనగానే మంత్రిగారు ఒక లైబ్రేరియన్ పోస్టు కూడా మంజూరు చేశారు. అంతవరకు వీధివీధికీ తిరిగి వాల్వులు తిప్పుతున్న నీరుగంటి మునేష్‌ను ఆ సాయంత్రమే గెస్ట్‌హౌస్ తోటపనికి పంపేశారు.

ఒక్క మంజుశ్రీ మాత్రం సణిగింది. ఆమె బంగారుపేట నుంచి వచ్చే కాంట్రాక్టు ప్రోగ్రామర్.

"సార్, మన ప్రోగ్రాం పని పంపిస్తాది. సర్వర్ తీసుకోని వరసలో పెడ్తాది. చేసేది మాత్రం వర్కర్. అంటే, వాల్వు కాడ మోటారు తిప్పే ఇంకో ప్రోగ్రాం. మోటార్లే ఇంగా కొనలేదు. వర్కర్లు యాడ నుంచి వస్తారు?"

ఈ మాట కేశవ నోటి మీదుగా మంత్రిగారికి చేరేసరికి బాగా చిక్కిపోయింది. వర్కర్లు లేరట, అంతే.

"మన పార్టీకి వర్కర్లు కరువా?" అన్నారాయన.

మర్నాడు కండువాలు వేసుకున్న ఇరవైమంది కోలారు సర్వర్ గదిలో దిగారు. ఏసీ బాగుందన్నారు. కేశవ అక్కడున్న మంజుశ్రీకి ఫోన్ చేశాడు.

"వర్కర్లు కనెక్ట్ అయినారా అమ్మా?"

"కనెక్ట్ కాలేదు సార్. కూర్చోనుండారు."

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు బటన్ నొక్కారు. తెరమీద 'పని స్వీకరించబడినది' అని పచ్చటి అక్షరాలు వెలిగాయి. మైకు పనిచేసింది, కెమెరాలు పనిచేశాయి. కొళాయిలు తప్ప అన్నీ పనిచేశాయి.

పాత గని కార్మికుల లైను ఇళ్ల నుంచి అక్కయమ్మ అనే ఆవిడ వచ్చి నీళ్లు రాలేదంది. కేశవ ఆమె పేరున బటన్ నొక్కాడు. స్వీకరించబడినది. ఆమె మళ్లీ వచ్చింది, మళ్లీ నొక్కాడు. తర్వాత ఊరంతా వచ్చింది. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాడు. రాష్ట్రంలో ఇన్ని పనులు స్వీకరించిన పట్టణం మరొకటి లేదని పేపర్లు రాశాయి. కేశవ ఆ వార్తను కత్తిరించి పటం కట్టించుకున్నాడు.

ఒకరి గొప్ప చూసి ఓర్వలేనివాళ్లు ఎక్కడైనా ఉంటారు. స్వీకరించారు సరే, పెండింగ్ ఎంత అని ప్రతిపక్షం విధానసభలో అడిగింది. మంత్రిగారు వెంటనే ఫోనందుకున్నారు.

"కేశవప్పా, సాయంత్రానికి పెండింగ్ సున్నా కావల్ల."

కేశవ మంజుశ్రీని పిలిపించాడు.

"వరసలో ఉండేవన్నీ పారేసేదానికి లైబ్రరీలో దారి ఉండాది సార్. ఒక్క లైను చాలు. అయితే నీళ్లు రావు."

"నీళ్ల సంగతి ఆయన అడగలేదు కదమ్మా."

ఆమె ఆ లైను కొట్టి, కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. "ఎంటర్ మీరే కొట్టండి సార్."

ఆ వరసలో తన భార్య ప్రేమ పెట్టిన ఫిర్యాదు కూడా ఉందని కేశవకు తెలుసు. అయినా కొట్టాడు. సున్నా పడింది.

మర్నాడే అవార్డు ప్రకటించారు. టీవీ వాళ్లు బయలుదేరారని ఫోనొచ్చింది. కేశవ తల దువ్వుకుంటూ ఉండగా అక్కయమ్మ బిందెతో లోపలికొచ్చింది.

"నా పని ఏమాయె సార్?"

కేశవ తెర ఆమెవైపు తిప్పాడు. "చూడమ్మా. సున్నా. ఈ ఊర్లో ఎవరికీ నీళ్లు రావాల్సింది లేదు."

ఆమె బిందె చంక మార్చుకుంది. "అట్లయితే కొత్తగా రాసుకోప్పా."

"ఇప్పుడు వద్దమ్మా. సున్నా ఒకటైపోతాది."

ఆమె కదల్లేదు. మెట్ల మీద కెమెరాలవాళ్ల అడుగులు వినిపించాయి. కేశవ టేబుల్ మీదున్న తన సీసాలో మిగిలిన నీళ్లు ఆమె బిందెలో ఒంపి, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.