ఆగిపోయే పికప్ ఉండాలండీ ఇంటికి!

ఆగకుండా పోయే బండి ఉన్నవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఇంటి దగ్గర ఎక్కుతారు, ఊళ్ళో దిగుతారు. మధ్యలో ఏం చూశారు? ఎవరితో మాట్లాడారు? అదీ ఒక ప్రయాణమేనా!

నా పికప్ 1988 మోడల్. దానికిప్పుడు పదహారేళ్ళు. వెల్లిచందై నుంచి ధర్మపురి మండీకి చేరేలోపు మూడు చోట్ల ఆగుతుంది. మొదటి రెండు మైళ్ళు పెళ్ళికొడుకులా పోతుంది. తర్వాత బలం తగ్గుతుంది, మేడు, అదే మిట్ట, ఎక్కేటప్పుడు మూలుగుతుంది, చివరికి నిలబడిపోతుంది. పావుగంట పోనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది.

ఆ పావుగంటల పుణ్యమా అని దారి పొడవునా నాకు చుట్టరికాలు కలిశాయి. ఎవరింట్లో ఏ పెళ్ళి కుదిరిందో నాకే ముందు తెలుస్తుంది. మొన్న మేడు మీద ఒక మేకల మంద నన్ను ఓవర్‌టేక్ చేసింది. మేకలు కాసే గోపమ్మ ఆగి మరీ పలకరించింది.

"ఏమప్పా వెంకటరామప్పా, బండి గూడా మేస్తాందా?"

కొత్త కారువాడికి ఇంత ఆప్యాయత దొరుకుతుందా?

ఇక విజ్ఞానం సంగతి! మెకానిక్ రాజమాణిక్కం డీజిల్ ఫిల్టర్ మార్చాడు. రెండో మెకానిక్ గోవిందరాజ్ పంపు విప్పి మళ్ళీ బిగించాడు. బంకులో డీజిల్ పోయించిన వెంటనే బండి బాణంలా దూసుకుపోతుందని చెబితే కాసేపు ఆలోచించాడు. "దీనికి ఆకలి ఎక్కువన్నా" అని తేల్చాడు. సైకిల్ మీద పోయేవాళ్ళు కూడా దిగి, బానెట్‌లోకి తొంగిచూసి, తలా ఒక జబ్బు పేరు చెప్పి పోయారు. అందరి మాటా శ్రద్ధగా విన్నాను.

దేవుణ్ణి మాత్రం వదిలానా? శుక్రవారం శుక్రవారం బండి కడిగి, స్టీరింగుకూ బానెట్‌కూ చక్రాలకూ చందనం, కుంకుమ పెడతాను. ఆయుధపూజ నాటి నుంచి డీజిల్ ట్యాంకు మూతకు కూడా పెడుతున్నాను. తిండి తినే నోటికి బొట్టు లేకపోతే ఎలా? బండి మొండికేసిన కొద్దీ చందనం మందం పెంచాను.

అన్నిటికంటే గొప్పది ఓర్పు. బండిలో పోయేది నా భార్య సరసమ్మ టమాటా. నారు పోసింది, నీళ్ళు కట్టింది, కోసింది ఆమే. మండీలో వేలం ఎనిమిదికల్లా అయిపోతుంది. మేం తొమ్మిదికి చేరుతాం. రెండు లోడ్లు అలా పశువుల పాలయ్యాయి. సరసమ్మ ఏడవలేదు, తిట్టలేదు. నాకు నిజంగా భయమేసింది.

ఆమె ఒక్క మాటే అంది. "ఏమయ్యా, బంకులో మూత తీసినప్పుడంతా బుస్సుమని గాలి లోపలికి పోతాంది. ఆ మూతనొకసారి చూడండి."

మూడో మెకానిక్ ఆంజనేయన్ నవ్వాడు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. "ఇంజన్ సంగతి నీకేం తెలుసే!" అన్నాను.

మూడో లోడ్ రోజు ఇంకా చీకటుండగానే బయలుదేరినా బండి అదే మేడు మీద ఆగింది. వెంట బైకు మీద వచ్చిన ఆంజనేయన్, "ఇంజన్ దించల్లన్నా, వేరే దారి లేదు" అన్నాడు. సరసమ్మ దిగింది. తలలోంచి పిన్ను తీసింది. ట్యాంకు మూత మీద రాయిలా ఎండిపోయిన చందనాన్ని గీకి పారేసింది. దాని కింద సన్నని రంధ్రం ఒకటి కనబడింది. డీజిల్ తగ్గే కొద్దీ గాలి లోపలికి పోవలసిన దారి అదేనట. అది మూసుకుపోతే డీజిల్ ఇంజన్‌కు రాదట!

"ఇప్పుడు తియ్యి బండిని" అంది.

ధర్మపురి దాకా ఎక్కడా ఆగలేదు. ఆ పూట వేలంలో మొదటి కుప్ప సరసమ్మదే.

నా నష్టం ఎవరికి చెప్పుకోను? గోపమ్మ పలకరింపు లేదు, సైకిళ్ళవాళ్ళ సలహాలు లేవు. కనీసం పూజైనా మానకూడదని నిన్న శుక్రవారం చందనం గిన్నె తీసుకుని ట్యాంకు దగ్గరికి పోయాను.

సరసమ్మ గిన్నె లాక్కుంది. నా రెండు చెవులకూ చెరో బొట్టు దట్టంగా మెత్తింది.

"మూతకొద్దు, ఈడుండనీ. ఈ బొక్కలు ఎట్లాగూ మూసుకునే ఉండాయి గదా!"