డెన్నీ చెప్పబోయిన కృతజ్ఞతలు

మా రాష్ట్ర బేస్‌బాల్ కీర్తిమందిరంలోకి ఇకమీదట కడిగిన ముత్యాల్లాంటి ఆటగాళ్లు మాత్రమే ప్రవేశిస్తారని సెనేటర్ క్లిఫర్డ్ హగ్గర్టీ గారు జూన్ నెలలో ఒక మంగళవారం ప్రకటించారు. స్టెరాయిడ్లు వాడి కండలు పెంచినవాళ్ల ఫలకాలు మన పిల్లలు చూడకూడదని చెబుతూ రెండుసార్లు కళ్లు ఒత్తుకున్నారు. మొదటిసారి ఒత్తుకున్నప్పుడు కెమెరా ఇంకా సిద్ధం కాలేదు.

సెనేటర్ గారు మహానుభావులు. కీర్తిమందిరానికి వారే అధ్యక్షులు. రాజకీయాల్లోకి రాకముందు మా బెల్‌వార్త్ ఐరన్‌మెన్ జట్టుకు పద్నాలుగేళ్లు యజమానిగా ఉన్నారు. ఆ పద్నాలుగేళ్లలోనూ ఏ ఆటగాడినీ ‘నువ్వేం వాడుతున్నావు’ అని ఒక్క మాట అడగలేదు. ఇతరుల ఆంతరంగిక విషయాలంటే వారికి అంత గౌరవం.

నా సంగతి కూడా చెప్పాలి. నేను వాల్టర్ నీడమ్‌ని. బెల్‌వార్త్ పత్రికలో ముప్పయ్యేళ్లు బేస్‌బాల్ గురించి రాశాను. మా రాష్ట్రంలో ఎవరు మహానుభావులో తేల్చేది ఆడినవాళ్లు కాదు, చూసి రాసినవాళ్లు. అలాంటి విలేకరులం పదహారు మందిమి. ఏటా సెప్టెంబరు ఒకటిన మాకు ఓటు కాగితం వస్తుంది, నెలాఖరులోగా పోస్టు చేయాలి. పన్నెండు ఓట్లు పడితే ఆటగాడి మొహం ఇత్తడి ఫలకం మీదికి ఎక్కుతుంది. పదేళ్లు ప్రయత్నించినా పడకపోతే జాబితాలోంచి పేరు శాశ్వతంగా తీసేస్తారు.

డెన్నీ వోయ్‌చిక్‌కి ఇది పదో ఏడు.

డెన్నీ అంటే తెలియని ఇల్లు మా ఊళ్లో లేదు. ఒక శీతాకాలం దాకా గాలికి ఊగే మనిషి. వసంతం వచ్చేసరికి చొక్కా బొత్తాలు పట్టడం మానేశాయి. ఆ వేసవిలో యాభై ఎనిమిది హోమ్‌రన్లు కొట్టాడు, బంతులు ప్రహరీ దాటి ఉక్కు మిల్లు కార్మికుల ఇళ్ల మీద పడ్డాయి. ఈ బలం ఎక్కడిదని రాష్ట్రమంతా ఆశ్చర్యపోతుంటే, వాళ్లమ్మ వండే క్యాబేజీ చుట్టల వల్ల అని నేను రాశాను. ఆ వారం మార్కెట్లో క్యాబేజీ దొరకలేదు.

తర్వాత దేశమంతటా స్టెరాయిడ్ల గొడవ లేచింది. మిగతా ఆటగాళ్లు ఎరగం అన్నారు, మరిచిపోయాం అన్నారు, లాయర్ని అడగండి అన్నారు. డెన్నీని అడిగితే “వాడానండి” అన్నాడు. అందుకే కిందటేడు అతనికి తొమ్మిది ఓట్లే పడ్డాయి.

జూలైలో సెనేటర్ గారు నవంబరు ఎన్నికల ప్రచారం కోసం మిల్లు పేటలోని ఒక ఫలహారశాలకు వెళ్లారు. గుడ్లు తింటున్న ఒక ముసలాయన తల ఎత్తకుండానే అడిగాడు.

“ఏమయ్యా సెనేటరూ, మా డెన్నీని రానివ్వనంటున్నావట?”

“స్వచ్ఛత అండీ, పిల్లల భవిష్యత్తు...”

“వాడు కొట్టిన బంతి మా పైకప్పు మీద పడింది. ఇప్పటికీ అక్కడే ఉంది, దింపనివ్వను. నువ్వు ఇన్నేళ్లలో మా పైకప్పు మీద ఏం వేశావు?”

ఫలహారశాలలో అందరూ నవ్వారు. సెనేటర్ గారు కూడా నవ్వి, కారెక్కగానే, ఆటగాళ్లను వడపోయడానికి జూన్‌లో తామే వేసిన స్వచ్ఛతా సంఘాన్ని మళ్లీ సమావేశపరిచారు. డెన్నీ నిర్దోషి అని నిష్పక్షపాతంగా తేల్చమని వారి ఆదేశం. విచారణకు నేనూ వెళ్లాను.

“మిస్టర్ వోయ్‌చిక్, మీరు స్టెరాయిడ్లు వాడలేదు కదా?” అన్నారు సెనేటర్ గారు ఎంతో ఆప్యాయంగా.

“వాడానండి.”

“అంటే, తెలియక వాడారు.”

“తెలిసేనండి. సీసా మీద రాసే ఉంది.”

“ఆ వయసులో అంత చిన్న అక్షరాలు కనిపించాయా?”

“అప్పట్లో నా చూపు బ్రహ్మాండమండి. వచ్చే బంతి మీద కుట్లు లెక్కపెట్టేవాణ్ణి.”

సంఘ సభ్యుడు ఒకాయన సాయానికి వచ్చాడు. “సూది వేసినప్పుడు నొప్పి పుట్టిందా నాయనా?”

“పుట్టిందండి.”

“రాసుకోండి. బాధితుడు.”

“బాధితుణ్ణి కాదండి, నేనే వేయించుకున్నాను,” అన్నాడు డెన్నీ. “ఎవరు వేశారో చెప్పమంటారా?”

ఆ క్షణంలో సంఘంలోని అయిదుగురూ గడియారాలు చూసుకున్నారు. భోజనానికి వేళయింది. అప్పటికి ఉదయం పదింపావు.

నివేదిక నాలుగు రోజుల్లో వచ్చింది. కీర్తిమందిరం నిబంధనల్లో ఆటతోపాటు నిజాయితీ కూడా చూడాలని ఉంది. డెన్నీ నిజం చెప్పాడు కాబట్టి నిజాయితీపరుడు. నిజాయితీపరుడు కాబట్టి స్వచ్ఛమైనవాడు. అసలు మురికే అంటనివాడి కంటే, అంటిందని ఒప్పుకున్నవాడు ఒక మెట్టు ఎక్కువ స్వచ్ఛం అని సెనేటర్ గారు మిల్లు గేటు ముందు నిలబడి వివరించారు. ఇంత లోతైన ఆలోచన నేను ఏ వేదాంతి దగ్గరా వినలేదు.

మా పదహారు మందికీ మనసు తేలికపడింది. ఒక్కొక్కరం విడివిడిగా డెన్నీని కలిసి, చెయ్యి పట్టుకుని, “నా ఓటు నీదేనయ్యా, మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు” అని చెప్పాం. సెప్టెంబరు ఒకటిన ఓటు కాగితాలు వచ్చాయి. గడువు చివరి గంట దాకా ఏ పనీ ముట్టుకోకపోవడం పత్రికలవాళ్ల అలవాటు కాబట్టి, కాగితాన్ని కాఫీ కప్పు కింద పెట్టుకుని కూర్చున్నాం.

పద్నాలుగో తేదీ సాయంత్రం డెన్నీ మా ఇంటికి వచ్చాడు. చేతిలో పసుపురంగు కాగితాలు నాలుగు.

“వాల్ట్ గారూ, నా ప్రసంగం. ముందుగానే రాసుకున్నా. కాస్త చూసిపెడతారా?”

ఈ ప్రసంగం మా కీర్తిమందిరంలో పవిత్రమైన ఆచారం. గెలిచినవాడు పచ్చిక మీద వేసిన వేదికెక్కి, తనను ఇంతవాణ్ణి చేసినవాళ్లను పేరు పేరునా తలుచుకుని కృతజ్ఞత చెబుతాడు. పేరు వచ్చినవాళ్లు లేచి నిలబడాలి, జనం చప్పట్లు కొట్టాలి. రేడియోలో రాష్ట్రమంతా వింటుంది. అరవై ఒక్క ఏళ్లలో ఎవరి ప్రసంగాన్నీ ఎవరూ మధ్యలో ఆపలేదు.

“చదువు, వింటాను,” అన్నాను.

మొదటి పేజీలో వాళ్లమ్మ, బడిలో ఆట నేర్పిన కోచ్, పక్కింటి పాస్టరు. రెండో పేజీ తిప్పాడు.

“మా జట్టు డాక్టర్ మిల్‌బర్న్ గారికి. ఆదివారం సెలవు కూడా మానుకుని, చర్చి నుంచి నేరుగా వచ్చి సూది వేసినందుకు. మా యజమాని హగ్గర్టీ గారికి. లాకర్ గదిలో మందుల కోసం సొంత ఖర్చుతో ఫ్రిజ్ పెట్టించి, ‘ఏం వాడతావో నాకక్కర్లేదు, ఎన్ని కొడతావో చెప్పు’ అని ధైర్యమిచ్చినందుకు.”

“డెన్నీ...”

“ఉండండి, మీరూ ఉన్నారు.” సంబరంగా పేజీ తిప్పాడు. “విలేకరులకు. రోజూ లాకర్ గదికి వచ్చి, సీసాలు చూసి కూడా నన్ను ఇబ్బంది పెట్టనందుకు. ముఖ్యంగా వాల్టర్ నీడమ్ గారికి. నా సీసా ఆయన కాలికి తగిలి దొర్లితే తీసి చేతికిచ్చి, మర్నాడు మా అమ్మ క్యాబేజీ చుట్టల గురించి అంత అందంగా రాసినందుకు. మా అమ్మ ఆ ముక్క కత్తిరించి పొయ్యి పైన అంటించుకుంది.”

అతని మొహం చూశాను. బెదిరింపు లేదు, వెటకారం లేదు. పుట్టినరోజు కానుక ఇచ్చి, విప్పి చూడమంటున్న మనిషిలా ఉన్నాడు.

“ఇన్ని పేర్లు అవసరమా నాయనా?”

“చేసిన మేలు మరిచిపోతే మనిషేంటండీ?”

“పోనీ ఒకటి రెండు తగ్గిస్తే?”

“ఎవర్ని తీసేసినా వాళ్లు నొచ్చుకుంటారు కదండీ,” అన్నాడు. తర్వాత నాలుగో పేజీ తీశాడు. “అసలు ఇదంతా దీని కోసమేనండి. లైల్ ప్రూయిట్ గుర్తున్నాడా?”

గుర్తు తెచ్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. డెన్నీకి ముందు ఆ స్థానంలో ఆడినవాడు. ఒక ఏప్రిల్ నుంచి కనిపించలేదు. ఎందుకో నేను అడగలేదు, రాయలేదు.

“ఆ సూది ముందు వాడికే ఇవ్వబోయారండి. వద్దన్నాడు. నెల తిరక్కుండా జట్టులోంచి తీసేసి నన్ను పెట్టారు. నేను వద్దనలేదు. ఇన్నేళ్లూ వాడి మొహం చూడలేకపోయాను. ఫలకం నాకెందుకండీ? వాణ్ణి, వాళ్లావిణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టి, ఆ స్థానం నీది లైల్, నన్ను క్షమించు అని అందరూ వినేలా చెప్పాలి. వాడు లేచి నిలబడాలి. వాడికి ఒక్కసారైనా చప్పట్లు కొట్టాలి.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచడమెందుకు, ఆ మాటకు నా గుండె కదిలిపోయింది. భాష చాలా బాగుందని, ఒక్క కామా కూడా మార్చక్కర్లేదని చెప్పి, గుమ్మం దాకా సాగనంపాను. అతని కారు మలుపు తిరగగానే సెనేటర్ గారికి ఫోన్ చేశాను. కేవలం సమాచారం కోసం.

సెనేటర్ గారు అంతా విన్నారు.

“నాలుగు పేజీలా?”

“నాలుగండి. రెండు వైపులా రాశాడు.”

“రేడియో అప్పటికప్పుడే వినిపిస్తుందా?”

“అరవై ఒక్క ఏళ్ల ఆచారం సార్.”

“నా పేరు రాగానే నేను లేచి నిలబడాలా?”

“చప్పట్లు ఆగేదాకా నిలబడాలండి.”

“ఫ్రిజ్ సంగతి కూడా చెబుతాడా?”

“సొంత ఖర్చుతో అని మరీ చెబుతున్నాడండి.”

ఆయన నిట్టూర్చారు. “వాల్టర్, స్టెరాయిడ్లు ఎంత ఘోరమైనవో నాకిప్పుడు అర్థమవుతోందయ్యా.”

మర్నాడు పొద్దుటికల్లా ఓటర్లందరికీ సంగతి తెలిసింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ప్రతివాడూ నాకు ఫోన్ చేసి, తన పేరు ఏ పేజీలో ఉందని అడిగాడు. ప్రసంగంలో పేరు లేనివాళ్లు ఇద్దరున్నారు. నువ్వు లేవని చెప్పినా వాళ్లు నమ్మలేదు.

ఆ వారం రాష్ట్రంలో అంతరాత్మలు మేల్కొన్న వేగం చూస్తే చరిత్రకారులు ఆశ్చర్యపోతారు. పత్రికల్లో రోజుకొక వ్యాసం. నేనూ ‘ఒక తరానికి జరిగిన ద్రోహం’ అని రాశాను. ఎవరు చేశారో చెప్పకుండా ద్రోహాన్ని అంత సూటిగా ఖండించిన వ్యాసం మరొకటి లేదని మా సంపాదకుడు మెచ్చుకున్నాడు. కప్పు కింద కాగితం తీసి, పెన్ను తాకించకుండా ఖాళీగా మడిచి, పోస్టు చేశాను. ఖాళీ కాగితాన్ని మా నిబంధనల్లో వ్యతిరేక ఓటుగా లెక్కపెడతారు. అది ఖాళీగా ఉన్నా మనసు నిండుగా ఉందని అర్థం.

అక్టోబరు రెండో శుక్రవారం లెక్కింపు జరిగింది. ఖాళీ కాగితాలు పదిహేను. డెన్నీకి పడిన ఓటు ఒకటి.

సెనేటర్ గారు మెట్ల మీద నిలబడి స్వచ్ఛత గెలిచిందన్నారు. ఈసారి కళ్లు ఒత్తుకునేటప్పటికి కెమెరా సిద్ధంగా ఉంది.

ఆ ఒక్క ఓటు ఎవరిదని మేం పదిహేను మందిమీ ఒకరినొకరం అనుమానంగా చూసుకున్నాం. లెక్కింపు గుమస్తా ఒకావిడ నన్ను పక్కకు పిలిచి కవరు చూపించింది. మా పదహారో ఓటరు, ఎనభై నాలుగేళ్ల హోలిస్ గ్రీర్‌ది. గడువు దాకా ఆగని చాదస్తుడు. కాగితం వచ్చిన రోజే డెన్నీ పేరు పక్కన గీత పెట్టి పోస్టు డబ్బాలో వేశాడట. సెప్టెంబరు పదో తేదీన నిద్రలోనే పోయాడు. డెన్నీ ప్రసంగం సంగతి తెలియకుండానే పోయాడు కాబట్టి ఆయన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. పోస్టు చేసేనాటికి బతికుంటే ఓటు చెల్లుతుందని నిబంధన.

ఆ సాయంత్రం డెన్నీ ఫోన్ చేశాడు.

“ఒకటి పడిందటగా వాల్ట్ గారూ?”

“ఆఁ, పడింది.”

“మీరేనని నాకు తెలుసండి. ప్రసంగం విన్నది మీరొక్కరే కదా.”

నేను రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

“లైల్‌కి ఫోన్ చేశానండి. ఇన్నేళ్లకి! వేదిక మీద చెబుదామనుకున్నదంతా ఫోన్లోనే చెప్పేశా. వాడు చివరిదాకా విన్నాడు. తర్వాత, ‘ఊరంతా ఒకవైపుంటే ఆ ఒక్క ఓటు వేసిన మొనగాడెవడ్రా?’ అన్నాడు. మీ పేరు చెప్పాను. ‘వద్దనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నా, తోడు ఇంకొకడు దొరికాడు’ అన్నాడండి. రోజూ పొద్దున్నే మీ వీధిలోంచే రొట్టెల బండి తోలుకెళ్తాడట. తప్పు చేశానా, చెప్పి?”

“ఫరవాలేదు డెన్నీ,” అన్నాను.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో కాగితం చుట్టిన రై రొట్టె ఉంది. ఇంకా వేడిగానే ఉంది. వెన్న రాసుకుని తిన్నాను. చాలా బాగుంది.