పైపుల రఘుపతి పుస్తకం మీద మమత అభిప్రాయం

మన టెంట్ హౌస్ కృష్ణమోహన్ జిందగీల పూర్తిగ చదివిన పుస్తకాలు రెండే రెండు. ఒకటి పదో తరగతి గైడు, ఇంకోటి బండి కొన్నప్పుడు ఇచ్చిన సర్వీసు బుక్కు. అసొంటోడు ఒకనాడు మూడొందల పన్నెండు పేజీల పుస్తకం చంకల పెట్టుకోని ఇంట్లకొచ్చేసరికి, బ్లౌజుకు హుక్కులు కుడుతున్న వాళ్లింటామె మమత సూది ఆపి చూసింది.

"ఎక్కడ దొరికింది?"

"దొరకలే. కొన్న."

మమత సూదిని జాకెట్టుకు గుచ్చి పక్కన పెట్టింది. పెండ్లయి పందొమ్మిదేండ్లాయె, ఆయన పుస్తకం కొనుడు ఇదే మొదలు. ఇంటికి ఏదో ఖర్చు రాబోతున్నదని ఆమెకు గప్పుడే సమజైంది.

పుస్తకం పేరు 'పడ్డకాడనే లేచిన'. రాసింది పైపుల రఘుపతి. ఆయన తెల్వనోళ్లు ఉండరు. ఒకప్పుడు పైపుల కంపెనీ మునిగి, ఇల్లు జప్తయి, కట్టుబట్టలతోని రోడ్డు మీద పడ్డ మనిషి. ఇయ్యాల నాలుగు రాష్ట్రాలల్ల ఫ్యాక్టరీలు, ప్రతి ఆదివారం టీవీల కూసోని పోరగాండ్లకు బుద్ధులు చెప్తడు. వేరేటోళ్లు కోటేసుకుంటే మనిషికి ఇజ్జత్ వస్తది. రఘుపతి ఏసుకుంటే కోటుకొస్తది.

కృష్ణమోహన్‌కు ఆయనంటే పానం. పుస్తకాన్ని తెచ్చి దేవుని పటాల పక్కన నిలవెట్టి ఊదుబత్తి ముట్టిచ్చిండు.

"పొగకు అట్ట మీద ఆయన కోటు నల్లగైతది, జర దూరం పెట్టు" అన్నది మమత.

అసలు ముచ్చటేందంటే, కృష్ణమోహన్ గిరాకి పడిపోయి రెండేండ్లు దాటింది. మెదక్‌ల ఎటు చూసినా ఫంక్షన్ హాళ్లే లేచినయి. పెండ్లిండ్లు, ఓణీల ఫంక్షన్లు అన్నీ హాళ్లల్లకు పోయినయి. మనోడికి దినాలు, ధర్నాలు మిగిలినయి. చచ్చినోళ్లకు, జీతాలు రానోళ్లకు తప్ప ఆయన శామియానా ఎవ్వలకు అక్కర లేకుండైంది. కుర్చీలేమో కిరాయి గోదాంల పడి ఎలుకలకు ఫంక్షన్ చేస్తున్నయి.

ఏసీ డోమ్ టెంట్ కొంటే హాళ్లను పండవెట్టొచ్చని ఆయన ఆశ. అది కొనాల్నంటే రామాయంపేట రోడ్డు మీదున్న నూట యాభై గజాల ప్లాటు అమ్మాలె. ఆ ప్లాటు మమతది. పన్నెండేండ్లు ఊరందరి బ్లౌజులు కుట్టి, మెడలు గుంజినా ఆపకుండ కుట్టి కొనుక్కున్నది. ఒక్కసారి ఆ మాటెత్తితే, "ఇంట్ల ఏదన్న అమ్ము, నన్నుగూడ అమ్ము, గని ఆ జాగ జోలికి రాకు" అన్నది. కొనెటోళ్లు ఎవరన్న ఉన్నరా అని నవ్విచ్చబోయి మనోడు ఆ పూట అన్నం గూడ తినలే.

గసొంటప్పుడు చేతికి దొరికింది ఈ పుస్తకం. నలభై ఒకటో పేజీల రఘుపతి రాసిండు: 'మా ఇంటామె తన పేరు మీదున్న జాగ అమ్మడానికి మారుమాట లేకుండ సంతకం పెట్టింది. ఆ సంతకమే నన్ను మళ్ల నిలవెట్టింది.' కృష్ణమోహన్‌కు ఒళ్లు జలదరించింది. ఇంత మంచి పుస్తకం ఈ భూమ్మీద లేదనుకున్నడు. ఇగ ముందుకు చదివే అవసరం గూడ లేదనుకున్నడు.

మమత చదివితే చాలు, కండ్లల్ల నీళ్లు తిరిగి తనంతట తనే సంతకం పెడ్తది. రామాయంపేటల రేకుల దుకాణం నడిపే వెంకట్రాములుతోని మాట గూడ అయిపోయింది, వచ్చే ఆదివారం అడ్వాన్స్ తెస్తనన్నడు. ఆలస్యమైతే ఏడుపు ఆరిపోతదని అమ్మకం రాసిన స్టాంపు కాయితం సరిగ్గ నలభై ఒకటో పేజీల పెట్టి పుస్తకం ఆమె చేతికిచ్చిండు.

"చదువు. చదివినంక నీకే అనిపిస్తది."

"ఏమనిపిస్తది?"

"అది నీకే అనిపియ్యాలె. నేను ముందుగాలనే చెప్తే ఇగ అనిపిచ్చుడేముంది?"

మమత కుట్టు మిషన్ పక్కన పెట్టుకోని చదువుడు షురూ చేసింది. ఈయన దర్వాజ సందుల నుంచి మొఖం చూసుడు షురూ చేసిండు. ఒకరోజాయె, రెండ్రోజులాయె. ఆమె కండ్లల్ల నీళ్లు రాలే. పైంగ నడుమనడుమ నవ్వుతున్నది. స్టాంపు కాయితం చూసింది, తిప్పి చూసింది, మళ్ల అండ్లనే పెట్టింది.

మనోడికి పరేషాన్ అయింది. ఫోన్ల చూస్తే ఆ పుస్తకం కింద లక్షలమంది అభిప్రాయాలు రాసిండ్రు. 'నా జీవితం మారింది' అని ఒకడు. 'ఏడుపాగలే' అని ఇంకొకడు. 'ఇంక చదవలే గని ఐదు స్టార్లు ఇచ్చిన' అని మరొకడు. గింతమంది ఏడ్సినంక మమత ఒక్కతి ఎందుకు ఏడుస్తలేదు? పక్కపొంటి ఎవ్వలు చెప్పేటోళ్లు లేక. అభిప్రాయాలు ఇంటికే తేవాలనుకున్నడు.

ముందుగాల శామియానాలు కుట్టే గులాం రసూల్‌ను పట్టుకున్నడు.

"రసూల్ భాయ్, నువ్వు ఈ పుస్తకం చదివినవ్."

"కబ్?"

"మొన్న. నీ జిందగీ మారిపోయింది."

"అట్లనా. మా ఇంటామె షమ్సున్నీసాకు చెప్పాలె, ఆమెకింక తెల్వది."

సాయంత్రం రసూల్ చాయ్ తాగనీకె వచ్చినట్టు వచ్చిండు. "భాభీ, క్యా కితాబ్ హై. మూడు రోజులు నిద్ర పట్టలే" అన్నడు.

"అండ్ల ఏ ముచ్చట నచ్చింది భాయ్?" అన్నది మమత.

రసూల్ దిక్కుతోచక కృష్ణమోహన్‌ను చూసిండు. కృష్ణమోహన్ మమత వెనుక నిలవడి, సంతకం ముచ్చట చెప్పమని గాలిల వేలు తిప్పుతున్నడు.

"అదే భాభీ" అన్నడు రసూల్, "ఆయన దోమలు కొట్టిన ముచ్చట. మస్తుంది."

మమత ఇంకో కప్పు చాయ్ పోసింది. "ఆయన కష్టాలల్ల దోమలు గూడ ఉండే ఉంటయి భాయ్, నువ్వు చెప్పింది నిజమే" అన్నది.

తెల్లారి సిద్దమ్మ వంతు. ఎదురింటి ముసలామె. చదువు రాదు గని ఏడుపుల ఆమెను మించినోళ్లు లేరు. ఏ ఇంట్ల దినమైనా సిద్దమ్మ రాగం తీస్తే వంటోళ్లు గూడ గరిటె దించి ఏడ్వాల్సిందే. "పెద్దమ్మా, పైపుల రఘుపతి గురించి మా ఇంట్ల నాలుగు మంచి మాటలు చెప్పాలె, జర కండ్లనీళ్లు గూడ పెట్టు" అన్నడు మనోడు. ఆమె అసలేం అడగలే. కొంగు నోట్ల కుక్కుకోనే గడప దాటింది.

"అయ్యో రఘుపతీ, ఎంత మంచోడివి కొడుకా. ఎంత సంపాయించినా ఏం కొండవోతివి. నీ కోటు గూడ నీ ఎంట రాలేకపాయె."

"పెద్దమ్మా, ఆయన బతికే ఉన్నడు" అన్నది మమత.

సిద్దమ్మ రాగం నడిమిట్ల ఆపింది. కృష్ణమోహన్ దిక్కు మర్లి చూసింది. "బతికున్నడా? టెంటాయన పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పమంటే ఎవరన్న పోయిండ్రనే అనుకుంటం గదా బిడ్డా. నన్ను దేనికి పిలుస్తున్నవో ముందుగాల చెప్పొద్దా?"

మమత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకోని వంటింట్లకు పోయింది. ఆమె భుజాలు ఊగుతుంటే, ఏడుస్తున్నదేమోనని కృష్ణమోహన్ కొద్దిసేపు సంబురపడ్డడు.

అట్ల అన్ని దారులు మూసుకపోయినంక, గ్రంథాలయంల పనిచేసే జాన్సన్ సారు దుకాణంకొచ్చి చెప్పిన మాటకు కృష్ణమోహన్ కుర్చీల మీదికెల్లి లేచి నిలవడ్డడు. పైపుల రఘుపతి ఆదివారం నాడు మెదక్‌కు వస్తుండు. జిల్లాకొక సభ పెట్టి పాఠకుల అభిప్రాయాలు సొంతంగ వింటుండట.

"టెంటుకెంత తీసుకుంటవు?" అన్నడు జాన్సన్ సారు.

"దేవుని దగ్గర పైసలు తీసుకుంటరా సారు" అన్నడు కృష్ణమోహన్.

ఉన్నండ్ల మంచి శామియానా, ఎలుకలు ముట్టని కుర్చీలు ఏరి ఏరి ఏసిండు. వెంకట్రాములుకు ఫోన్ చేసి అడ్వాన్స్ పట్టుకోని సభకే రమ్మన్నడు. ఆ మహానుభావుని నోటితోని ఆ సంతకం ముచ్చట వింటే మమత కాదు, రాయి గూడ కరుగుతదని ఆయన నమ్మకం.

ఆదివారం రఘుపతి కారు దిగంగనే కృష్ణమోహన్ చెప్పులు ఇడిచి నిలవడ్డడు. టీవీల చూసినదానికన్న పొట్టిగున్నడు, గని ఆయన నడుస్తుంటే జనం వాళ్లంతట వాళ్లే పక్కకు జరుగుతున్నరు. ఆయన కూసున్న కుర్చీ తనదే అన్న సంగతి తలుసుకోని మనోడు మురిసిపోయిండు. ఆ కుర్చీ ఇగ ఏ దినానికి ఇయ్యొద్దని గప్పుడే అనుకున్నడు.

ఒక్కొక్కరు లేస్తున్నరు. "ఎక్సలెంట్ సార్" అన్నడు ఒకాయన. "మీరు జాగ అమ్మిన ధైర్యం గొప్పది సార్" అన్నడు ఇంకొకాయన. కృష్ణమోహన్ ప్రతి మాటకు మమత దిక్కు చూసి తలూపుతున్నడు. రఘుపతి మాత్రం నీళ్ల సీసా మూత తిప్పుకుంట కూసున్నడు. అందరి అభిప్రాయం ఒక్కతీరుగనే ఉన్నది.

"లేడీస్‌ల ఎవరన్న?" అన్నడు జాన్సన్ సారు. కృష్ణమోహన్ మమత చెయ్యి తానే పట్టి పైకి లేపిండు.

మమత లేసింది. మైకు చేతికి తీసుకున్నది.

"సార్, పుస్తకం రెండుసార్లు చదివిన. మీరు మళ్ల లేచి నిలవడుడు మామూలు ముచ్చట గాదు, దండం పెట్టాలె. గని రెండొందల పద్నాలుగో పేజీల మీరే రాసిండ్రు, ఆ జాగ అమ్ముడే మీ జిందగీల పెద్ద గలతి అని. ఆ జాగలనే షెడ్డు ఏసుకోనుంటే కిరాయిలు కట్టకపోదును, నాలుగేండ్లు ముందుగాలనే లేద్దును అని."

ఆ పుస్తకంల రెండొందల పద్నాలుగో పేజీ ఉన్నదని కృష్ణమోహన్‌కు గప్పుడే తెలిసింది. శామియానా గుంజను గట్టిగ పట్టుకున్నడు.

"నలభై ఒకటో పేజీల మీ ఇంటామె సంతకం పెట్టింది. ఆ ఎనుక నూట డెబ్బై పేజీలు ఆమె ముచ్చటే లేదు సార్. జాగ ఆమెది గదా. అందరి అభిప్రాయం అడుగుతున్నరు, ఆమెది అడిగిండ్రా?"

రఘుపతి సీసా కింద పెట్టి అద్దాలు తీసిండు.

"అమ్మా, ఇది తొమ్మిదో జిల్లా" అన్నడు. "అందరు నా మొదటి నలభై, యాభై పేజీలే చెప్పిండ్రు. రెండొందల పద్నాలుగు దాక వచ్చినోళ్లు మీరొక్కరే. మా ఇంటామెకు ఈ పుస్తకం ఇచ్చిన. చూసిన సినిమాకు మళ్ల టికెట్ ఎందుకు అని పక్కన పెట్టింది."

అందరు నవ్విండ్రు. ఆయన నవ్వలే.

"ఆ నాడు సంతకం పెడుతున్నప్పుడు ఆమె ఒక్క మాట అనలే. మారుమాట లేకుండ పెట్టిందని గొప్పగ రాసుకున్న. మాట రాలేకనే ఊకున్నదని నాకు సమజయ్యేసరికి పదేండ్లు పట్టింది." ఆయన చెయ్యి చాపిండు. "పుస్తకం తెండ్రి అమ్మా, సంతకం పెట్టి ఇస్త."

మమత పోయి పుస్తకం ఇచ్చింది. ఆయన తెరిచేసరికి స్టాంపు కాయితం బయటపడ్డది.

"ఇదేంది?"

"మా ఆయన పెట్టిన గుర్తు కాయితం సార్."

రఘుపతి మొత్తం చదివిండు. ఆ ఎనుక మైకు దగ్గరికి గుంజుకోని, "కృష్ణమోహన్ ఎవరు?" అన్నడు. ఆయన నోట తన పేరు వినాలని మనోడు ఎన్నో రోజుల నుంచి కలలు కన్నడు. ఇట్ల వినాల్సొస్తదనుకోలే.

"నేనే సార్" అన్నడు గుంజ ఎనుక నుంచి.

"పుస్తకం ఎంతవరకు చదివిండ్రు?"

అబద్ధం చెప్దామంటే ఎదురుంగనే మమత ఉన్నది. "నలభై ఒకటి సార్."

రఘుపతి పెన్ను తీసిండు. అమ్మేవాళ్ల సంతకం అని రాసున్న చోట 'మొత్తం చదివినంకనే' అని పెద్దగ రాసి, కింద తన సంతకం గీకి, కాయితం మమత చేతికే ఇచ్చిండు. జనం చప్పట్లు కొట్టిండ్రు. అందరికన్న ముందుగాల కొట్టింది రసూల్.

ఎనుక వరుసల కూసున్న వెంకట్రాములు లేచి వచ్చిండు. "ఇగ నేను పోవుడేనా అక్కా?"

"ఎందుకు పోతవన్నా. నీ దుకాణంల రేకులెట్లున్నయి? ప్లాటుల షెడ్డు ఎయ్యాలె. గోదాం కిరాయి మిగుల్తది, శామియానాలు ఎలుకల పాలు గావు. నేను మొన్ననే చిట్టీ ఎత్తిన."

బేరం రఘుపతి ఫోటోలు దిగుతున్నంతసేపు నడిచింది. అడ్వాన్స్ ఇయ్యనీకె వచ్చిన వెంకట్రాములు, అడ్వాన్స్ తీసుకోని బస్సెక్కిండు. బోల్టులు గూడ ఊరికెనే ఇస్తనని ఎప్పుడొప్పుకున్నడో ఆయనకే యాదిలేదు.

కృష్ణమోహన్ కుర్చీలు మడతవెడుతూ మమతనే చూస్తున్నడు. పొద్దుగాల రఘుపతి కారు దిగినప్పుడు చూసిన చూపే. జర ఎక్కువనే. "షెడ్డు ముచ్చట ఎప్పటి నుంచి అనుకుంటున్నవ్?" అన్నడు మెల్లగ.

"నువ్వు పుస్తకం ఇచ్చిన రెండో రోజు నుంచి."

"మరి నాకు చెప్పొద్దా?"

"నాకే అనిపియ్యాలె అన్నవ్ గదా. నీకు గూడ నీకే అనిపియ్యాలని చూసిన."

పది రోజులకు ప్లాటుల రేకులు లేస్తుంటే, పేపరాయన ఒకాయన అడుగుకుంట అడుగుకుంట వచ్చిండు. రఘుపతిని నిలదీసిన పాఠకురాలి మీద రాయాల్నట. మమత నీడకు కూసోని మేస్త్రీకి కొలతలు చెప్తున్నది. కృష్ణమోహన్ నెత్తి మీద రేకు పట్టుకోని నిలవడ్డడు.

"సార్, మీరు గూడ ఆ పుస్తకం అభిమాని అంట గదా. దాని మీద మీ అభిప్రాయం ఒకటి చెప్పుండ్రి" అన్నడు పేపరాయన.

కృష్ణమోహన్ రేకు కిందికెల్లి మమత దిక్కు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "అగో, ఆమెను అడుగుండ్రి సారు. ఆమెది ఏదైతే, నాది గదే" అన్నడు.