ఊఁ కొట్టిన నగరమునకు పట్టాభిషేకము

స్వస్తి! గోడగడియారపు చిన్నముల్లు పదకొండును ఆక్రమించిన శుభవేళ, ఏడవ అంతస్తున, శీతలయంత్రఘోషభీకరమగు సమావేశమందిరమున, వాషింగ్ మెషీన్ల విక్రయసార్వభౌముడైన యజమాని, సముద్రమున కావల నెలకొల్పదలచిన కస్టమర్ కేర్ కార్యాలయమునకు తగిన నగరము నెన్నుకొనుటకై కొలువుదీరెను. నిపుణులు దొరకు ఊరే రాజధాని యని ఆయన ప్రతిజ్ఞ. కోపోద్రిక్తులగు కొనుగోలుదారులను ఫోనులోనే చల్లార్చువారే ఇచట నిపుణులు.

కుడివైపున ధనాగారాధ్యక్షుడు, యజమానికి స్వయానా బావమరిది; ఆయన పక్షము రేవుపట్నము. ఎడమవైపున నియామకాధికారిణి, ఆమె పక్షము కొండపట్నము. కిందటిమారు చవక అద్దెకు ఆశపడి తెరచిన కార్యాలయమునకు కుర్చీలు దొరికినవిగాని మనుషులు దొరకలేదు. అద్దె కుదిర్చినది బావమరిది, తిట్లు తిన్నది ఆమె. ఈసారి గురి తప్పెనా, ఆమె ఉద్యోగము హుళక్కి. పాపము, ఆమెను తలచిన మాకే గుండె దడదడలాడుచున్నది.

"రేవుపట్నంలో ఇసకేస్తే రాలనంతమంది పట్టభద్రులు బావా!" అని బావమరిది గర్జించెను.

"పట్టాలు ఫోనెత్తవు సార్. ఇటూ అటూ అభ్యర్థులు లైన్లో ఉన్నారు. మాట్లాడించి చూద్దాం," అని ఆమె శంఖము పూరించెను.

అంతలో యజమాని ఫోను ఉదయమునుండి మూడవమారు మ్రోగెను. అల్లుడిచ్చిన మెషీను బట్టలు పిండునపుడు గెంతుచున్నదని దండెత్తిన అత్తగారు! ఆ సకలసేవాకేంద్రభయంకరి తన కన్నతల్లియే యైనను బావమరిది కుర్చీలో సగమునకు జారెను.

"ఈవిణ్ణి చల్లార్చిన ఊరే మన ఊరు!" అనుచు యజమాని అభ్యర్థుల లైను కలిపి స్పీకరు నొక్కెను.

రేవుపట్నపు బంగారుపతకధారి ముందుకు దూకి, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్," అనెను.

"చింతించి? నువ్వొచ్చి నా బట్టలు పిండుతావా?"

వీరుడు కూలెను. వెనువెంట వచ్చిన ఇద్దరును అదే వాక్యమును ప్రయోగించి అదే గతి పట్టిరి.

పిదప కొండపట్నపు అభ్యర్థిని, ఏ వాక్యమును వల్లింపక, "చెప్పండమ్మా," అని ఊఁ కొట్టసాగెను. "ఊఁ... అయ్యో... మరీ చోద్యం!" ఆ ఊఁకారాస్త్రమునకు అత్తగారి ఆగ్రహప్రవాహము మెషీనును దాటి, అల్లుని పిసినారితనమును దాటి, ఫోనెత్తని కొడుకును నిలువునా ముంచి, తుదకు అలసి ఆగెను. బాధితు లిరువురును తలలు వంచి సాంతము వినిరి.

"ఒక కాలు నేలకి ఆనట్టు లేదమ్మా. అట్టముక్క మడిచి కింద పెట్టి చూడండి."

స్పీకరులో అట్టముక్క చిరిగిన చప్పుడు, వెంట మెషీను తిరిగిన చప్పుడు వినవచ్చెను.

"సరేలే. గెంతడం మానింది," అనెను అత్తగారు.

పెళ్ళినాటినుండి ఆ నోట "సరేలే" యను మాట వినని యజమానికి కన్నులు చెమర్చెను. "కానీ బావా, అద్దె..." అని బావమరిది గొణుగబోగా స్పీకరు ఉరిమెను.

"నువ్వు నోర్ముయ్యరా! ఆ పిల్ల ఉండే ఊళ్ళోనే పెట్టమను!"

"అలాగేనమ్మా," అని బావమరిది లొంగెను.

జయము! జయము! ఒక మెషీను నిలిచెను, ఒక ఉద్యోగము నిలిచెను, ఒక మహానగరము ఎన్నికయ్యెను. ఆ నగరమున ఊఁ కొట్టగలవారు ఇంకెందరున్నారని సభలో ఒక్కరును అడుగలేదు. ఎవరైన అడుగకమునుపే నియామకాధికారిణి చెప్పులు చేతబట్టి వెలుపలికి పరుగెత్తి, ఫోను చేసి, ఉన్న ఆ ఒక్కతెకు ఉద్యోగము ఖాయము చేసెను.