బేదఖలుకు ఉజురు లేదు

కోర్టు కాగితాల్లోని పాత మాటలకు అర్థం తెలియకపోవడమే మన అదృష్టం! తెలిస్తే ఎవడైనా సంతకం పెడతాడా? సంతకాలే లేకపోతే ఇళ్లు అద్దెకు పోతాయా, లోకం నడుస్తుందా?

నమ్మకం కుదరకపోతే మా పిన్ని సంగతి వినండి. ప్లీడర్ల నల్లకోట్లు కుట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఆమె కోర్టుకు ఎదురుగా మూడో అంతస్తులో చిన్న గది అద్దెకు తీసుకుంది. అద్దె కాగితం కోసం టైపిస్టు ఎప్పటిదో తోట కౌలు కాగితం ముందు పెట్టుకుని, పేర్లు మార్చి, తక్కినదంతా ఉన్నదున్నట్టు దించేశాడు. ఆ వృత్తిలో అదే పద్ధతి. దాంతో పిన్నికి పండ్లచెట్ల ఫలసాయం, బావి తవ్వుకునే హక్కు కూడా దక్కాయి! తవ్వితే కింది అంతస్తు పళ్ల డాక్టరు నెత్తిన పడాలి, అది వేరే సంగతి. తేట తెలుగులో రాసే ఇంటాయన ఎవరైనా బావి ఇస్తాడా చెప్పండి?

పిన్నికి మాత్రం ఒక లైను గొంతు దిగలేదు. 'బేదఖలుకు ఉజురు లేదు' అని ఉంది. టైపిస్టును అడిగితే, తన గురువుగారి కాలం నుంచీ ఉందన్నాడు. ఇంటాయనను అడిగితే, ఉంటే మంచిదేగా అన్నాడు. చివరికి ఇంటాయన తరఫు ప్లీడరుగారిని అడిగింది. ఆయన అప్పుడు చేతులు చాపి కొత్త కోటుకు కొలతలిస్తున్నాడు.

"పాత మాటమ్మా. దానికిప్పుడు అర్థమేముంటుంది? సంతకం పెట్టెయ్యి."

పెట్టేసింది. ఎంత ప్రశాంతత! నలుగురికీ అర్థం తెలియదు కాబట్టి నలుగురి మధ్యా పేచీ లేదు. అర్థాలన్నీ తెలిసిన అన్నదమ్ములు రోజూ తన్నుకోవడం మనం చూడటం లేదూ?

పిన్ని నడుం విరిగేలా కుట్టింది. కొట్టుకు పేరొచ్చింది, మెట్ల మీద ప్లీడర్లు బారులు తీరారు. సరిగ్గా అప్పుడే ఇంటాయన కన్ను ఆ గది మీద పడింది. అల్లుడికి ఆఫీసు కావాలట. పిన్ని కుట్టిన కోటే తొడుక్కుని ప్లీడరుగారు వచ్చి, ఏ నిఘంటువూ తిరగెయ్యకుండా గడగడా చెప్పేశాడు.

"బేదఖలంటే ఖాళీ చేయించడం. ఉజురంటే అభ్యంతరం. పొమ్మంటే నువ్వు కాదనడానికి లేదమ్మా."

"ఆ రోజు అర్థం లేదన్నారు కదండీ?"

"ఆ రోజు అవసరం లేదమ్మా."

పిన్ని కుట్టుమిషనుకు మూత బిగించింది. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నా సిద్ధాంతం నాదే! కాబట్టి పాఠకులారా, సంతకం పెట్టే ముందు అర్థాల కోసం ఎవరినీ వేధించకండి. ఖాళీ చేసే రోజున వాళ్లే మీ గుమ్మంలోకొచ్చి విడమరిచి చెబుతారు. ఫీజు కూడా మీ దగ్గర పుచ్చుకోరు.