పదింటికి ఇల్లు ఖాళీ

ఆ మంగళవారం పొద్దున కోదండరామ్ వేసుకున్న ప్లాను చాలా సులువైనది. పది గంటలకు బ్యాంకు తరఫున ఒకావిడ వచ్చి, అతను అద్దెకిచ్చిన ఇంటికి విలువ కడుతుంది. విలువ బాగా కడితే ఆ ఇంటి మీద ఇంకో అప్పు పుడుతుంది. ఆ అప్పుతో అదే వీధి చివర కాశీవిశ్వనాథం గారు అమ్మకానికి పెట్టిన ఇల్లు కొనెయ్యాలి. ఆయన సాయంత్రం దాకే గడువిచ్చారు.

చిక్కల్లా ఒకటే. బ్యాంకు కాగితాల్లో అద్దెకుండేది నలుగురు. ఇంట్లో ఉండేది తొమ్మిదిమంది. కెనడాలోని విండ్సర్‌లో ఆ జనవరిలో మంచుకంటే కాలేజీ పిల్లలే ఎక్కువ కురిశారు. ఒకడు బట్టల అలమారా అద్దెకు తీసుకుని, కింది అర ఇంకొకడికి అద్దెకిస్తే, వాడు హీటు రావట్లేదని గొడవపెట్టాడట. ఈ సంగతి చెప్పినవాడికి అబద్ధమాడేంత ఓపిక లేదు.

"ఏమండీ, ఆవిడ పరుపులు లెక్కపెడితేనో?" అంది భార్య లక్ష్మీకాంతం.

"పిల్లల్ని రెండు గంటలు బయటికి పొమ్మంటా. పరుపులు గరాజ్‌లో పెట్టుకుంటారు" అని కోదండరామ్ తొమ్మిదిమంది గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "పదింటికి ఇల్లు ఖాళీ. పరుపులతో సహా."

వాళ్ళలో పెద్దవాడు కిరీటి అది చదివి నీరుగారిపోయాడు. "ఒరేయ్, అంకుల్ మనల్ని గెంటేస్తున్నాడ్రా" అంటూ, దిక్కు చూపించమని ఊళ్ళోని తెలుగు విద్యార్థుల గ్రూపుకి, ఇంటి అడ్రసు కింద రాసి, ఆ మెసేజే పంపాడు. అక్కడ నాలుగొందలమంది గదుల వేటలో ఉన్నారు. ఇల్లు ఖాళీగా ఉందనీ, పరుపులు కూడా ఇస్తారనీ వాళ్ళకి అర్థమైంది.

పదింటికి కోదండరామ్ దంపతులు వెళ్ళేసరికి ఇల్లు అద్దంలా ఉంది. బయట మాత్రం సూట్‌కేసులతో, కుక్కర్లతో క్యూ వీధి మలుపు తిరిగింది.

"ఎవరమ్మా నువ్వు?"

"ధాత్రి అంకుల్. నాది నలభై ఒకటో నంబరు."

"ఇక్కడ ఖాళీ లేదు. వెళ్ళండి."

"పదింటికి ఖాళీ అని మీరే పెట్టారుగా. మెట్ల కిందైనా సర్దుకుంటా అంకుల్. నేను నిద్రలో కదలను కూడా."

ఇంతలో బ్యాంకు ఆవిడ కారు నిలపడానికి చోటు దొరక్క మూడు చుట్లు తిరిగి వచ్చింది. ఈ జనమేమిటని అడిగితే, ధాత్రి చక్కని ఇంగ్లీషులో ఉన్న సంగతంతా చెప్పింది. కోదండరామ్ కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ మాత్రం క్యూని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, ఈ వీధిలో అద్దెలకు లోటుండదని రాసుకుంది.

ఈ ఇంట్లో ఏడాదిదాకా ఖాళీ రాదని ఒట్టేసి, కోదండరామ్ క్యూ మొత్తాన్ని పంపించేశాడు. మధ్యాహ్నానికి బ్యాంకు ఫోన్ చేసింది: అడిగినదానికంటే ఎక్కువే ఇస్తారట. దంపతులిద్దరూ పరుగున కాశీవిశ్వనాథం గారింటికి వెళ్ళారు. వాకిట్లో తొమ్మిది జతల బూట్లున్నాయి.

"రావయ్యా కోదండం. నువ్వు వెళ్ళగొట్టిన పిల్లలు పొద్దున్నే పరుపులు మోసుకుంటూ వీధిలో పోతున్నారు. పిలిచి ఈ ఇల్లు ఏడాదికి అద్దెకు రాసిచ్చేశా" అన్నారాయన.

"మరి అమ్మకం?"

"ఇంత అద్దె వస్తుంటే అమ్మడం దేనికి? అసలు నేనే ఇంకోటి కొందామనుకుంటున్నా. నీ ఇంట్లో ఇప్పుడెవరూ లేరటగా, అమ్ముతావా?"

కోదండరామ్ గుమ్మంలోనే కూలబడ్డాడు. లక్ష్మీకాంతం మాత్రం బూట్లు విప్పి లోపలికి వెళ్ళి, ఎంతిస్తారని అడిగింది.