తూర్పు వాకిలి నేలమాళిగ

"స్వేచ్ఛ లేని నేలమాళిగ నేలమాళిగే కాదు! అది జైలు!"

గచ్చిబౌలి ఆఫీసు క్యాంటీన్‌లో చల్లారిన ఇడ్లీ ముందు హరీష్ ఈ మహాప్రకటన చేశాడు. సాటి ఇంజనీర్లు సన్నీ, అనూహ్య తలలూపారు. ముగ్గురిదీ ఒకటే పిచ్చి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు వీరులై, రాక్షసులున్న నేలమాళిగలోకి దిగుతారు. బతకడమా చావడమా అన్నది పాచికలు తేలుస్తాయి. ఇన్నాళ్లూ కథ నడిపింది అనూహ్య. ఈ ఆదివారం హరీష్ వంతు. మెప్పిస్తే కథకుడి కుర్చీ ఇక అతనిదే. లేదంటే ఎప్పటిలా ఆమె కథలో బురదలో పడి చచ్చే వీరుడే!

తిండి మానేసి నేలమాళిగ పటం గీశాడు. గీస్తూ ఉపన్యాసాలు! లోకమంతా గోడలు, గేట్లు, ప్రహరీలు. కనీసం నేల కిందైనా మనిషి ఇష్టమొచ్చిన దిక్కుకు పోవద్దా? ఈ గర్జనలు వినే భాగ్యం వాళ్ల నాన్న మల్లేశ్‌కు దక్కింది. చిన్న మంగళారం చుట్టుపక్కల జొన్నచేలను ఫామ్‌హౌస్ ప్లాట్లుగా మార్చిన మహానుభావుడాయన.

"ఏం బతుకు బాపూ నీది? భూమిని కేకు లెక్క కోసుడు, అమ్ముడు! కళ లేదు, గిళ లేదు!"

"కోసినందుకే నువ్వు ఇంజనీరువైనవ్ బిడ్డా," అంటూ మల్లేశ్ చాయ్ జుర్రుకున్నాడు. "ఇంతకు ఆ రాక్షసుల జాగకు తొవ్వ ఉన్నదా?"

"నీకు సమజ్ కాదు!"

ఆదివారం ఆట మొదలైంది, మల్లేశ్ వెంచర్ ఆఫీసులోనే. పెద్ద బల్ల అక్కడే ఉంది మరి. కళకైనా బల్ల కావాలి కదా!

వీరులు కమాను దాటి లోపలికి దిగారు. ఎదురుగా తిన్నని దారి. అటూ ఇటూ ఒకే కొలత గదులు. మొదటి గదిలో అస్థిపంజరం. ఎదుటి గదిలో దాని తమ్ముడు.

"నేను కుడిపక్క గోడ తవ్వుత," అన్నాడు సన్నీ.

"తవ్వద్దు!"

"ఎందుకన్నా? నా చేతిల గడ్డపార ఉన్నది."

"అది పక్క సర్వే నంబరు!"

నోట్లోంచి ఊడిపడిన ఆ మాట ఎవరిదో హరీష్‌కే అర్థం కాలేదు. చెమట తుడుచుకున్నాడు.

"సరే, ఎన్కనుంచి దొంగదారి ఉంటది గద?" అంది అనూహ్య.

"లేదు. ఒకటే గేటు. సెక్యూరిటీకి మంచిది."

"నీళ్ల చప్పుడు వినొస్తుందన్నవ్. ఆ వాగుల ఈదుకుంట పోతం."

"వాగు దిక్కు పోవద్దు! అది బఫర్ జోను! సర్కారోళ్లు అక్కడ అడుగు పెట్టనియ్యరు, గోడ కట్టనియ్యరు!"

సన్నీ పాచికలు బల్ల మీద పెట్టేశాడు.

"మరి మేమేం చెయ్యాలన్నా?" అన్నాడు సన్నీ దీనంగా.

"రోడ్డెంబడి సీదా పోవాలె. ఆఖరికి డ్రాగన్ ఉంటది."

"ఎక్కడ?"

"పార్కుల."

అనూహ్యకు నవ్వి నవ్వి ఎక్కిళ్లొచ్చాయి. "స్వేచ్ఛ అంటివి గదనే! మా అపార్ట్‌మెంటే నయం, లిఫ్టన్న ఉన్నది, మెట్లన్న ఉన్నయ్!" అని పాచికలు సంచిలో వేసుకుంది. కుర్చీ పోయింది!

సరిగ్గా అప్పుడే కారు ఆగింది. ప్లాటు చూద్దామని పట్నం నుంచి వచ్చిన మాణిక్యాన్ని మల్లేశ్ లోపలికి తీసుకొచ్చాడు. ఆయన బల్ల మీది పటం చూసి కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"అబ్బ! కొత్త లేఅవుటా? ఏం గీసిండ్రు! ఎంత నీటుగున్నది!"

హరీష్ చటుక్కున తలెత్తాడు. లోకంలో ఒక్కడు మెచ్చాడు!

"ఈ మూల బిట్టు తూర్పు ముఖమేనా?"

అది పిశాచాల గది. చెప్పేయొచ్చు. పటం చింపేయొచ్చు. సన్నీ, అనూహ్య అతని వైపే చూస్తున్నారు.

"తూర్పే సార్," అన్నాడు హరీష్. "ముంగటనే రోడ్డు. పార్కు పక్కకే."

మల్లేశ్ కళ్లు చెమర్చాయి. "కళ ఉన్నదిరా నీల!"

మాణిక్యం గొంతు తగ్గించాడు. "వాగు పక్కకే ఉన్నది గద... గోడ జర వాగులకు జరుపుకుంట. నడుస్తదా?"

"ఎందుకు నడ్వది సార్!" హరీష్ ఛాతీ విరుచుకున్నాడు. "మా నేలమాళిగల మీకు పూర్తి స్వేచ్ఛ!"